కర్నూలు ఎండల్లో పాజిటివ్ పి.ఎస్. ప్లేటు: పన్నెండేళ్ల వాడకం

కొండారెడ్డి బురుజుకు దగ్గర్లోని మా చిన్న ఆఫ్‌సెట్ ప్రెస్సులో శుభలేఖలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు అచ్చువేయడానికి పన్నెండేళ్లుగా పాజిటివ్ పి.ఎస్. ప్లేట్లనే, అంటే కాంతికి స్పందించే పూత ముందే వేసి వచ్చే అల్యూమినియం అచ్చు రేకులనే, వాడుతున్నాను. మా నాన్నగారి కాలంలో డైక్రోమేటు కలిపిన, వెలుతురుకు గట్టిపడే ద్రావణాన్ని ప్లేటు మీద తామే పూసుకునేవారు. ఆ పూత చీకట్లో ఉంచినా తనంతట తానే గట్టిపడుతుంది, వేడికి ఇంకా త్వరపడుతుంది, కాబట్టి మే నెలలో పూసిన ప్లేటును ఆ పూటే వాడేయవలసి వచ్చేది. ఇప్పటి ప్లేటు పూతతోనే వస్తుంది, పసుపు లైటు గదిలో ప్యాకెట్టు విప్పితే చాలు.

ఈ పూతలో నోవొలాక్ రెజిన్‌తో పాటు డయాజోనాఫ్థోక్వినోన్ అనే రసాయనం ఉంటుంది. అది రెజిన్‌ను, ప్లేటును కడిగే డెవలపర్ ద్రావణంలోని క్షారానికి లొంగకుండా కాపాడుతుంది. అతినీలలోహిత కాంతి తగిలిన చోట అదే ఆమ్లంగా మారిపోవడంతో పూత కరిగిపోయి, కింది అల్యూమినియం బయటపడి నీటిని పట్టుకుంటుంది. ప్లేటు మీద పరిచే ఫిల్ములోని నల్లని గీత నీడన మిగిలిన ఆకుపచ్చ పూత సిరాను పట్టుకుంటుంది.

రెండేళ్ల క్రితం మే నెలలో ఒక శుభలేఖ మీది వేంకటేశ్వరస్వామి బొమ్మలో లేత చుక్కలన్నీ మాయమై, స్వామివారి ముఖం తెల్లగా పాలిపోయింది. పూతే చెడిపోయిందని దుకాణదారుతో గట్టిగా వాదించాను, ఆయన వేరే ప్యాకెట్టు ఇచ్చినా ఫలితం మారలేదు. చివరికి ఫిల్ము పక్కన స్టెప్ వెడ్జ్ (మెట్లు మెట్లుగా నలుపు పెరిగే కొలత పట్టీ) పెట్టి చూస్తే, మామూలుగా మూడో మెట్టు దాకా శుభ్రపడేది ఆ రోజు అయిదో మెట్టు దాకా కరిగింది. డెవలపర్ ట్రేలో థర్మామీటరు ముంచితే 36 డిగ్రీలు చూపింది. డెవలపర్ డబ్బా మీదేమో 22 నుంచి 25 డిగ్రీలని అచ్చువేసి ఉంది. అప్పటి నుంచి ఆ ట్రేను ఇంకో పెద్ద తొట్టిలో పెట్టి, చుట్టూ కుండనీళ్లు, ఐసుముక్కలు వేస్తున్నాము. అదే ప్యాకెట్టులో మిగిలిన ప్లేట్లతోనే ఆ శుభలేఖ చక్కగా వచ్చింది. దుకాణదారుకు క్షమాపణ చెప్పుకోవడానికి మాత్రం నెల పట్టింది.

లోపాలు లేకపోలేదు. పూత చాలా పలచన, గోరు గీసుకున్నా చుక్కలు పోతాయి. యు.వి. సిరాను (అతినీలలోహిత కాంతితో ఆరే సిరాను) తుడిచే ద్రావకాలు తగిలితే, ఓవెన్‌లో కాల్చని ప్లేటు మీది పూత లేచిపోతుంది. కరెంటు పోయినప్పుడు ప్లేటుకు వెంటనే గమ్ము (ఖాళీ జాగాలను కాపాడే జిగురు ద్రావణం) పూయకపోతే ఖాళీ జాగాలు సిరా పట్టడం మొదలుపెడతాయి. దీనిని పూత తప్పని అనలేను కానీ, మా ఊళ్లో ఇది వేసవంతా ఎదురయ్యే పనే. ఇన్నేళ్లలో పూత సమంగా లేదన్న కారణంతో నేను పక్కన పడేసిన ప్లేట్లు నాలుగో అయిదో ఉంటాయి. లేజరుతో నేరుగా తయారయ్యే సి.టి.పి. ప్లేట్లను రంగుల పనికి బయట చేయించుకుంటున్నాము. బిల్లు పుస్తకాల ఫిల్ములు మాత్రం బీరువా నిండా ఉన్నాయి, వాటికి ఈ ప్లేటే వాడుతున్నాము.