కౌలు చట్టం మారాలంటే: అర్జీయా, కోర్టా?

కోనసీమలో చేలు దున్నేవారిలో చాలామంది కౌలు రైతులే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు సాగుదారు హక్కుల కార్డు కావాలంటే పదకొండు నెలల ఒప్పందంపై భూ యజమాని సంతకం తప్పనిసరి. ఆ సంతకం పెట్టడానికే యజమానులు భయపడతారు. కార్డు లేకపోతే పంట రుణానికి, నష్టపరిహారానికి దారి మూసుకుపోయినట్లే.

ఈ నిబంధన మారడానికి రెండు దారులున్నాయి. రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయవచ్చు. చట్టం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైతే కోర్టు కొట్టివేయగలదు. కొత్త చట్టం మాత్రం రాసి ఇవ్వదు. కేవలం అసౌకర్యంగా ఉందన్న వాదన అక్కడ నిలవడం కష్టం.

రెండోది ఎమ్మెల్యే ద్వారా శాసనసభకు అర్జీ. కాలిఫోర్నియాలోలాగా సంతకాలు సేకరించి చట్టాన్ని నేరుగా ఓటుకు పెట్టే హక్కు మనకు లేదు, ఉంటే ఎంత బాగుండేది! అర్జీకి తలొగ్గాల్సిన బాధ్యత సభకూ లేదు. అయినా నేను అర్జీవైపే ఉంటాను. కౌలు రైతుల కోసం ఉన్న 2011 చట్టాన్ని తీసేసి 2019 చట్టం తెచ్చింది ఆ సభే. అర్జీలో గోడు ఒక్కటే రాస్తే చాలదు. ఏ సెక్షన్ మారాలో, దాని బదులు ఏ వాక్యం ఉండాలో స్పష్టంగా రాయాలి. గ్రామసభ తీర్మానం జతచేసి, రసీదు తప్పక తీసుకోవాలి.