బేస్ గిటార్‌కి ఒక్క పదిహేను అంగుళాల బాక్సు: ఆరేళ్ల వాడకం తర్వాత

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు బేస్ గిటార్‌కి పని మూడు చోట్ల ఉంటుంది. చర్చి హాలు, పెళ్లి పందిరి, తెల్లవార్లూ సాగే మెలోడీ స్టేజీ. మూడింటికీ ఒకే బాక్సు కావాలి, దాన్ని ఒక్క మనిషి ఆటోలో వేసుకుపోవాలి అంటే చివరికి ఒక్క పెద్ద స్పీకర్ దగ్గరే ఆగాల్సి వస్తుంది. ఈ సమీక్ష అలాంటి బాక్సు గురించే. 15 అంగుళాల ఫెర్రైట్ స్పీకర్ ఒకటి, 18 ఎం.ఎం. మెరైన్ ప్లై, ముందువైపు రెండు పోర్టులు (గాలి ఆడే గొట్టాలు), 8 ఓమ్‌లు (కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు), వడ్రంగి చేత చేయించినది. ఎక్కువగా నాలుగు తీగల గిటార్‌తో, అప్పుడప్పుడు ఐదు తీగలతో వాడింది.

తీర్పు ముందే చెప్పేస్తే, హాల్లో ఇది చాలు. పందిట్లో స్టేజీ మీద మీకూ డ్రమ్మర్‌కీ వినబడడానికి చాలు. మైదానంలో కూర్చున్న జనానికి చాలదు. చాలుతుందని ఎవరైనా అమ్మజూపితే ఎన్ని వాట్లని అడక్కండి, కోన్ (స్పీకర్‌లో ముందుకీ వెనక్కీ ఊగే పళ్లెం) ఎన్ని మిల్లీమీటర్లు కదులుతుందో అడగండి.

ఎందుకంటే నాలుగు తీగల గిటార్‌లో అడుగు ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఐదో తీగ బి 31 దగ్గర. మోత అంతే ఉండాలంటే స్వరం కిందికి దిగేకొద్దీ కోన్ ఇంకా ఎక్కువ దూరం ఊగాలి. ఫ్రీక్వెన్సీ సగమైతే ఊపు నాలుగింతలవుతుంది. ఇ నుంచి బి కి దిగితేనే దాదాపు 1.8 రెట్లు. 500 వాట్లని రాసిన స్పీకర్ కూడా కోన్ అయిదారు మిల్లీమీటర్లు దాటి ఊగలేకపోతే, ఆ వాట్లలో చాలా భాగం కాయిల్‌ని, అంటే కోన్ వెనకున్న తీగచుట్టని, వేడెక్కించడానికే పోతుంది. వాట్లు కాయిల్ ఎంత వేడి తట్టుకుంటుందో చెప్పే లెక్క. మోత ఎంత వస్తుందో చెప్పే లెక్క కాదు.

పదిహేను అయితే లోతు, పది అయితే గట్టిదనం అనే మాట కూడా సగమే నిజం. అంపెగ్ ఎస్వీటీ బాక్సులో పది అంగుళాల స్పీకర్లు ఎనిమిది ఉంటాయి. మూసిన డబ్బా కావడంతో 58 హెర్ట్జ్ దగ్గరే మోత 3 డెసిబెల్లు (డీబీ) పడిపోతుంది. అయినా అంత నిండుగా వినబడేది, కోన్ల వైశాల్యం అంత పెద్దది గనక. సుమారుగా లెక్క వేస్తే 15 అంగుళాల కోన్ 860 చదరపు సెంటీమీటర్లు, పది అంగుళాలది 350. అంటే ఒక్క పదిహేను రెండు పదుల కంటే ఎక్కువ గాలి తోస్తుంది, నాలుగు పదుల కంటే బాగా తక్కువ. లోతు ఎంత దిగుతుందో తేల్చేది డబ్బా కొలత, పోర్టు ట్యూనింగ్ (పోర్టులో గాలి ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఊగుతుందో), స్పీకర్ గుణాలు. అంగుళాలు ఆ తర్వాతే. ఒక్క పదిహేనుతో పని నడవడం కొత్తేమీ కాదు. 1952లో వచ్చిన ఫెండర్ బాస్‌మన్‌లోనూ, 1960లో వచ్చిన అంపెగ్ బి-15లోనూ ఉన్నది అదే. అమెరికాలోని మోటౌన్ రికార్డుల బేస్ వాద్యకారుడు జేమ్స్ జేమర్సన్ చిన్న క్లబ్బుల్లో వాయించింది ఆ బి-15తోనే. చిన్న క్లబ్బుల్లో అని గుర్తుంచుకోండి, మైదానంలో కాదు.

స్పీకర్ కొనేటప్పుడు కాగితం మీద నాలుగు అంకెలు చూడాలి. ఎఫ్‌ఎస్ (కోన్ తనంతట తాను ఊగే ఫ్రీక్వెన్సీ) 35 నుంచి 45 హెర్ట్జ్ మధ్య, క్యూటీఎస్ (ఆ ఊపు ఎంత త్వరగా అణుగుతుందో చెప్పే అంకె) 0.3 నుంచి 0.4 మధ్య, ఎక్స్‌మ్యాక్స్ (కోన్ ఒక వైపుకి సరిగ్గా కదలగల దూరం) 5 ఎం.ఎం. తగ్గకుండా, సెన్సిటివిటీ (ఒక్క వాటుకి మీటరు దూరంలో వచ్చే మోత) 96 డీబీకి పైన. ఈ కాగితం ఇవ్వలేని అంగడిలో కొనకండి. బయటికి ఒకేలా కనబడే రెండు పదిహేనుల్లో ఒకటి పీఏ (జనానికి వినిపించే సౌండ్ సిస్టమ్) టాప్ బాక్సు కోసం చేసినదైతే దాని ఎఫ్‌ఎస్ 50 దాటి ఉండొచ్చు. అది గొంతుకి బాగుంటుంది, ఇ తీగకి ఖాళీగా వినిపిస్తుంది.

ఇటు వైపు తరచూ జరిగే పొరపాటు ఇంకొకటి ఉంది, కారు సబ్‌వూఫర్ తెచ్చి పెట్టడం. చవగ్గా దొరుకుతుంది, కోన్ బాగా ఊగుతుంది, చూడ్డానికి భారీగా ఉంటుంది. కానీ దాని సెన్సిటివిటీ 88 దరిదాపుల్లో ఉంటుంది. 98 ఉన్న స్పీకర్‌కి 100 వాట్లు ఇస్తే వచ్చే మోత దీని నుంచి రావాలంటే 1000 వాట్లు కావాలి. పైగా మధ్య స్వరాలు దానికి పలకవు, వేలి దెబ్బ వినబడదు. 18 అంగుళాల పీఏ సబ్ స్పీకర్ ఒక్కటే పెట్టినా ఇదే ఇబ్బంది. దాని పక్కన మధ్య స్వరాలకి ఇంకో బాక్సు ఉండి తీరాలి.

ఇక డబ్బా. స్పీకర్, పోర్టులు, అడ్డకర్రలు ఆక్రమించింది తీసేశాక లోపల 100 లీటర్లు మిగలాలి. లోపలి కొలతలు 56 ఎత్తు, 50 వెడల్పు, 40 సెంటీమీటర్ల లోతు పెట్టుకుంటే 112 లీటర్లు వస్తాయి, మిగతావన్నీ సర్దుకుంటాయి. ప్లై కొట్లో '6 సూత్' అంటారు, 18 ఎం.ఎం. అని రాసి ఉంటుంది, కొలిస్తే ఒక్కోసారి 16 ఉంటుంది. స్కేలు జేబులో పెట్టుకుపోండి. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ గ్రేడ్ తీసుకోండి. వానాకాలం ఈ కొండ ప్రాంతంలో ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమిన పలక) డబ్బా అంచుల దగ్గర బిస్కెట్టులా ఉబ్బుతుంది, తర్వాత స్క్రూ పట్టదు. ఈ కొలతలకి పలకలన్నీ కలిపి 1.5 చదరపు మీటర్ల పైన కొంచెం పడతాయి. 8 అడుగుల బై 4 అడుగుల షీటులో సగం అంతకంటే పిసరంత తక్కువ. సగం షీటుతో అవుతుందని వడ్రంగి అన్నా నమ్మకండి, రంపం తినేదీ ఉంది. పూర్తి షీటు కొని, మిగిలినదాంట్లో అడ్డకర్రలు కోయించండి. వడ్రంగితో తెలుగైనా ఒడియా అయినా నడుస్తుంది గానీ కొలతలు మాత్రం మిల్లీమీటర్లలో కాగితం మీద రాసివ్వండి.

పోర్టులకి 110 ఎం.ఎం. పీవీసీ డ్రైనేజీ పైపు సరిపోతుంది. దాని లోపలి వ్యాసం సుమారు 104. 100 లీటర్ల డబ్బాలో అలాంటి ముక్కలు రెండు, ఒక్కోటి 17.5 సెంటీమీటర్లు పెడితే ట్యూనింగ్ 45 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. డబ్బా 80 లీటర్లకి తగ్గించాల్సి వస్తే పైపు 24 దాకా పెంచాలి. ఒక్కటే పైపు పెడితే గట్టిగా వాయించినప్పుడు గాలి బుసకొడుతుంది, పాము బుసలాగే ఉంటుంది. పైపు లోపలి కొసకీ వెనక పలకకీ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ ఉండాలి. కొసల్ని ఇసుక కాగితంతో గుండ్రంగా రుద్దాలి.

లోపల వెనక పలకకీ పక్కలకీ పాలియెస్టర్ దూది ఒక పొర పరిస్తే గుప్పుమనే డబ్బా మోత తగ్గుతుంది. పత్తి దూది వద్దు, చెమ్మ పీలుస్తుంది, ఎలుకలకి పరుపవుతుంది. స్పీకర్ బోల్టులకి టీ-నట్లే (చెక్కలో దిగే పళ్ల నట్లు) వాడాలి. చెక్క స్క్రూలు ఏడాదిలో వదులవుతాయి. స్పీకర్ అంచు కింద నురుగు టేపు వేయాలి. అంతా అయ్యాక ఫోన్‌లోంచి 45 హెర్ట్జ్ టోన్ పెట్టి అగరబత్తి పొగ అతుకుల వెంట తిప్పండి. పొగ ఎక్కడ ఊగితే అక్కడ కన్నం ఉన్నట్టే, జిగురు పెట్టించండి.

పూర్తయ్యాక బరువు దాదాపు 30 కిలోలు. నియోడిమియం మ్యాగ్నెట్ స్పీకర్ అయితే నాలుగు కిలోల దాకా తగ్గుతుంది, ధర పెరుగుతుంది. ఘాట్ రోడ్డు ప్రయాణాలు ఎక్కువుంటే ఆ డబ్బు పెట్టొచ్చు. పక్క పిడులు సరిగ్గా మధ్యలో కాకుండా కాస్త ముందుకి బిగించాలి, బరువంతా స్పీకర్ వైపే ఉంటుంది. రెక్సిన్ అతికించడం కంటే గరుకు రంగు మేలు. మే నెల ఎండకి జిగురు వదిలేసి రెక్సిన్ మూలల్లో లేచిపోయింది.

8 ఓమా, 4 ఓమా అన్నది తర్వాతి ప్రశ్న. చాలా హెడ్‌లు (బాక్సుని నడిపే యాంప్లిఫయర్లు) 4 ఓమ్‌ల దగ్గర పూర్తి శక్తి ఇస్తాయి, 8 దగ్గర సగం కంటే కాస్త ఎక్కువ. దీన్ని చూసి కంగారు పడనక్కర్లేదు. శక్తి సగమైతే తగ్గేది 3 డీబీ, చెవికి అది సగం మోత కాదు. 8 ఓమ్‌లది కొంటే రేపు అలాంటిదే రెండోది చేయించి జతచేయొచ్చు, రెండూ కలిసి 4 అవుతాయి. అడుగు స్వరాల్లో 6 డీబీ దాకా కలిసొస్తుంది. మొదటే 4 కొంటే రెండోది పెట్టినప్పుడు 2 అవుతుంది, చాలా హెడ్‌లు ఒప్పుకోవు. స్పీకర్‌ని మల్టీమీటర్‌తో చూస్తే 8 ఓమ్‌లది 5.5 నుంచి 6.5 మధ్య చూపిస్తుంది, అది మామూలే, లోపం కాదు.

వైరు విషయంలో బద్ధకించకండి. గిటార్ నుంచి హెడ్‌కి వాడే సన్నటి షీల్డ్ కేబుల్‌ని బాక్సుకి పెడితే వేడెక్కుతుంది. కరెంటు సామాన్ల కొట్లో దొరికే 2.5 చదరపు ఎం.ఎం. రెండు కోర్ల వైరు, కొసల్లో స్పీకాన్ (తిప్పి బిగించే స్పీకర్ ప్లగ్గు) పెట్టండి. మామూలు జాక్ దూర్చేటప్పుడు క్షణం సేపు షార్టవుతుంది, హెడ్ ఆన్‌లో ఉంటే ఆ క్షణమే చాలు. బరంపురం, గోపాల్‌పూర్ వైపు ఉప్పు గాలికి జాక్ సాకెట్లు ఏడాదిలో పచ్చబడ్డాయి, స్పీకాన్ మాత్రం ఇప్పటికీ బాగుంది.

బాక్సు పెట్టే తీరు మీద ధ్వని ఎంత మారుతుందో మొదట్లో నమ్మబుద్ధి కాదు. 15 అంగుళాల కోన్ 1000 హెర్ట్జ్ దాటితే శబ్దాన్ని టార్చిలైటులా తిన్నగా పంపుతుంది. బాక్సు నేల మీద ఉంటే ఆ వెలుగు మీ మోకాళ్లకి తగులుతుంది. మీకు వినబడక ట్రెబుల్ పెంచుతారు, ముందు వరసలోని వాళ్లకి చెవులు పోతాయి. ముందువైపు కింద ఇటుక ముక్క పెట్టి వెనక్కి వాల్చండి, లేదా కుర్చీ ఎత్తున పెట్టండి. సిమెంటు హాల్లో మూలకి నెడితే అడుగు మోత ఉబ్బి స్వరాలు కలిసిపోతాయి. గోడకి మీటరు దూరం ఉంచి, హెడ్‌లో 100-125 హెర్ట్జ్ దగ్గర కొంచెం తగ్గించాలి. బల్లలు పరిచిన స్టేజీ అయితే బాక్సు కింద మందపాటి రబ్బరు ముక్కలు పెట్టకపోతే బల్లలే వాయిస్తాయి.

హారన్ ట్వీటర్ (పై స్వరాల చిన్న స్పీకర్) పెట్టించాం గానీ పెద్ద ఉపయోగం లేదు. పదిహేను ఎక్కడ ఆగిపోతుందో, ట్వీటర్ ఎక్కడ మొదలవుతుందో, ఆ మధ్య గుంట ఉండిపోయింది. స్లాప్ (తీగని బొటనవేలితో కొట్టి) వాయించేవాళ్లు ట్వీటర్ బదులు 6 అంగుళాల మిడ్ స్పీకర్ పెట్టించుకోవడం నయం.

బహిరంగ స్టేజీ మీద ఈ బాక్సు మీ చెవి కోసమే. జనం కోసం హెడ్ వెనక డీఐ (మిక్సర్‌కి నేరుగా లైను ఇచ్చే సాకెట్) నుంచి సౌండ్ సర్వీసు మిక్సర్‌కి లైను ఇవ్వండి. డబుల్ 18 సబ్‌లు (రెండేసి 18 అంగుళాల స్పీకర్లున్న పెట్టెలు) ఎలాగూ వాళ్లు తెస్తారు. ఐదు తీగల గిటార్ అయితే హై-పాస్ ఫిల్టర్ (అంతకంటే కింది స్వరాల్ని కోసేది) 35 నుంచి 40 హెర్ట్జ్ మధ్య పెట్టుకోవడం తప్పనిసరి. పోర్టు ట్యూనింగ్ కంటే కింద కోన్‌ని ఆపే గాలి పట్టు ఉండదు, బి తీగ గట్టిగా కొడితే కాయిల్ స్పీకర్ మ్యాగ్నెట్ వెనక పలకకి టక్కున తగులుతుంది. ఆ టక్ రెండోసారి వినబడేదాకా ఆగకండి. వేసవి రాత్రి మూడు గంటలు వాయించాక మోత పలచబడితే హెడ్‌ని తిట్టకండి. కాయిల్ 100 డిగ్రీలు వేడెక్కితే దాని రెసిస్టెన్స్ దాదాపు 40 శాతం పెరుగుతుంది, అందుకే తగ్గింది. వాల్యూమ్ పెంచితే ఇంకా వేడెక్కుతుంది.

ఆరేళ్లలో చెడిందేమిటంటే, జాలీ స్క్రూలు రెండుసార్లు వదులై జరజరలాడాయి. కోన్‌కి వెళ్లే మెత్తటి అల్లిక తీగ ఒకటి తెగింది, అతికించాం. కోన్ మధ్యలోని టోపీ జిగురు ఒక పక్క లేచింది, ఆ శబ్దం అచ్చం స్పీకర్ చిరిగినట్టే ఉంటుంది, కంగారుపడి రీకోనింగ్‌కి (కోన్ మార్పించడానికి) పంపకముందు వేలితో నొక్కి చూడండి. ఫోన్‌లో 30 నుంచి 200 హెర్ట్జ్ దాకా మెల్లగా టోన్ పెంచుతూ పోతే ఏ స్వరం దగ్గర ఏది అదురుతోందో చేత్తో పట్టి తేల్చొచ్చు. బాక్సుని వెల్లకిలా పడుకోబెట్టి నెలల తరబడి ఉంచకండి, కోన్ లోపలికి జారుతుంది. నిలబెట్టి ఉంచినా ఏడాదికోసారి స్పీకర్ విప్పి సగం చుట్టు తిప్పి బిగించడం మంచిది.

ఇంట్లో ఉంచినప్పుడు పోర్టుల్లో గుడ్డ ఉండలు కుక్కండి, ఎలుక దూరదు. దోమల జాలీ లాంటి సన్నటి వల బిగిస్తే గాలి ఆడక ఈల వేస్తుంది. స్టేజీ ఎక్కాక అడుగు స్వరాలు ఎండిపోయినట్టు వినిపిస్తే హెడ్ నాబ్‌లు తిప్పే ముందు ఆ గుడ్డలు తీశారో లేదో చూసుకోండి.