శేషాచలం పిట్టలకు 8×42 బైనాక్యులర్: ఏళ్ల తరబడి వాడాక

తిరుపతి చుట్టుపక్కల పిట్టలు చూడాలనుకునేవాళ్లకు దుకాణంలో ముందు చూపించేది 10×50 (మొదటి అంకె ఎన్ని రెట్లు పెద్దగా చూపుతుందో, రెండోది ముందరి అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో). దాంట్లో పిట్ట పెద్దగా కనబడే మాట నిజమే గానీ, చేతి వణుకు కూడా పదింతలవుతుంది, ఒకేసారి కనబడే వెడల్పు తగ్గుతుంది. తలకోన దారి పొదల్లో క్షణం నిలవని పిట్టను పట్టుకోవాలంటే 8×42 మేలు. దాదాపు 700 గ్రాముల బరువుతో, లోపల ఆవిరి పట్టకుండా నైట్రోజన్ నింపి సీలు వేసిన రూఫ్ ప్రిజం రకాన్ని (గొట్టాలు తిన్నగా ఉండేది) ఇక్కడి ఎండల్లో, వానల్లో ఏళ్లుగా వాడిన మీదట చెబుతున్న మాట ఇది.

పాలపిట్టతో తేడా బాగా తెలుస్తుంది. కరెంటు తీగ మీద కూర్చున్నప్పుడు దాని రొమ్ము మట్టిరంగే. రెక్క విప్పినప్పుడే ఆ రెండు రకాల నీలం బయటపడుతుంది. ఎగిరే పిట్టను వదలకుండా చూడాలంటే వెడల్పాటి చూపు కావాలి, అది ఎనిమిదింతల దాంట్లోనే సుఖం. దసరాకు పాలపిట్టను చూస్తే శుభమంటారు. ఆ దర్శనం పొలంగట్టు మీద చేసుకోవాలి. పంజరంలో పెట్టి తెచ్చి చూపించేవాళ్లకు డబ్బులిస్తే పిట్టకు చేటు, చట్టరీత్యా నేరం కూడా.

42 అంకె విలువ మునిమాపు వేళ తెలుస్తుంది. 42ను 8తో భాగిస్తే 5.25 మిల్లీమీటర్లు, కంటికి చేరే వెలుగు చుక్క వెడల్పు అదే. జేబులో పట్టే 8×25కు దాదాపు 3 మాత్రమే. చీకటి పడుతుంటే ఆ చిన్నదాంట్లో తీతువు నల్లటి మచ్చ, దీంట్లో కంటి ముందరి ఎర్రతోలు కూడా కనబడుతుంది. తీతువు కూస్తే చావు కబురని పల్లెల్లో భయం. అది నేల మీద, గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టే పిట్ట. కుక్కో నక్కో మనిషో అటు వస్తే రాత్రయినా సరే అరుస్తుంది. మన మీదికి దూసుకొచ్చి అరిచిందంటే గూడు దగ్గరే ఉన్నట్టు, వెంటనే వెనక్కి తగ్గాలి.

పసుపు గొంతు పికిలిపిట్ట దక్షిణ భారతపు రాతికొండల్లో తప్ప ఎక్కడా లేదు. తలకోన, హార్స్‌లీ హిల్స్ బండల వాలుల్లో వెతకండి. అదే పొదల్లో తెల్లకనుబొమల పికిలిపిట్ట కూడా ఉంటుంది, పొరబడేది దాంతోనే. కనుబొమ గీత లేకుండా తల, గొంతు పసుపుగా ఉంటేనే మనం వెతికేది. పొద్దున సూర్యుణ్ణి వీపున పెట్టుకుని చూడకపోతే ఆ పసుపు తెలియదు.

కొన్న రోజే కళ్లకు సరిచేసుకోవాలి. కుడి గొట్టం మూసి, ఎడమ కంటితో దూరపు బోర్డు అక్షరాలు స్పష్టమయ్యేదాకా నడిమి చక్రం తిప్పండి. తర్వాత ఎడమది మూసి, చక్రం ముట్టకుండా కుడి కంటి దగ్గరి రింగుతో అవే అక్షరాలు సరిచేయండి. కొన్నింట్లో ఆ రింగు సంచిలో రాసుకుని జరిగిపోతుంది. సరైన చోట తెల్లరంగు చుక్క పెట్టుకుంటే బాధ లేదు. కళ్లద్దాలవాళ్లు కంటి రబ్బరు కప్పులు పూర్తిగా లోపలికి తిప్పాలి.

కిందపడితే అద్దం పగలకపోయినా రెండు గొట్టాల చూపు విడిపోతుంది, కాసేపటికే తలనొప్పి వస్తుంది. దూరపు తీగను చూస్తూ బైనాక్యులర్‌ను మెల్లగా కళ్లకు దూరం జరపండి. రెండు వలయాల్లో తీగ ఒకే ఎత్తులో లేకపోతే మరమ్మతుకు ఇవ్వాల్సిందే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురిసే వానలే దీనికి అసలు శత్రువు. తోలు సంచిలో మూసిపెడితే లెన్సు మీద బూజు సాలెగూడులా అల్లుకుంటుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. ఏసీ కారులోంచి దిగగానే పట్టే ఆవిరిని తుడవకూడదు, పది నిమిషాలకు అదే పోతుంది. దుమ్మును ముందు గాలితో ఊది, బ్రష్‌తో దులిపాకే గుడ్డ. చొక్కా అంచుతో తుడిస్తే లెన్సు మీది పూతకు గీతలు పడతాయి.

నేలపట్టులో చెట్ల మీది గూడబాతు గూళ్లకు ఇది చాలు. పులికాట్ రాజహంసలకు చాలదు: మంద దూరంగా ఉంటుంది, పొద్దెక్కితే నీటి మీద ఎండ సెగ ఆడుతుంది. అక్కడికి స్టాండు మీద పెట్టే 20–60 రెట్ల స్పాటింగ్ స్కోపు (ఒంటి గొట్టపు దూరదర్శిని) కావాలి, అదీ పొద్దున్నే.