1000/6000 నీటి సానరాయి: ఏడాది పైగా వాడాక

ఈ రాయి మీద నా కోపమంతా ఒక్కదాని గురించే. అరుగుతుంది. సానరాయి అన్నాక అరగదా అంటారు, నిజమే. కానీ ఇంత తొందరగా, అదీ సరిగ్గా నడిమధ్యన పళ్లెంలా గుంట పడుతుందని పెట్టెలో వచ్చిన కాగితంలో ఒక్క ముక్క లేదు. పది నిమిషాలు నీళ్లలో నానబెట్టు, ముందు గరుకు వైపు (1000) రుద్దు, తర్వాత నున్నటి వైపు (6000) రుద్దు. అంతటితో సరి.

మా ఇంట్లో వంట నాది, వడ్రంగం మా ఆవిడది. కాశిమేడు హార్బరుకి చేపలకి వెళ్లినప్పుడల్లా నేను వంజరం బేరమాడుతుంటే తను పడవల దగ్గరే నిలబడిపోయేది. చివరికి ఒక చిన్న పడవ సొంతంగా చేసుకుంటానంది. దానికి ముందు చెక్కపని రావాలి కదా అని ఇక్కడే చెన్నైలో వారాంతపు క్లాసుల్లో చేరింది. తను చేద్దామనుకున్నది ప్లైవుడ్ పలకల్ని తీగతో కుట్టి, అతుకుల మీద ఫైబర్ గుడ్డ వేసి, ఎపాక్సీ జిగురు పట్టించే రకం. 1960ల మొదట్లో ఇంగ్లండులో మిర్రర్ డింగీ అనే చిన్న తెరచాప పడవ ఇలా పలకలు కుట్టి అతికే పద్ధతిలోనే ఇళ్ల గ్యారేజీల్లోకి వచ్చింది. కుట్టడమంటే మనకేం వింత కాదు. మద్రాసుకి హార్బరు లేని కాలంలో ఓడల మీంచి మనుషుల్నీ సరుకునీ అలల మీదుగా ఒడ్డుకు చేర్చిన మసూలా పడవలు కూడా కుట్టినవే, కొబ్బరి తాడుతో. సరే, క్లాసువాళ్లు రాసిచ్చిన సామాన్ల చీటీలో ఉలులు, చిత్రిక పట్టే తోపడా, వాటి వెనకే ఈ రాయి.

ఉలుల కోసం కొన్నది మొదటి వారంలోనే వంటింట్లోకి వచ్చేసింది. అత్తగారిచ్చిన పాత ఇనప కత్తి ఒకటి ఉంది. తుప్పు మరకలు పడి, ఉల్లిపాయని కోయడం మానేసి నలిపేది. దాన్ని 1000 వైపు పెట్టి, వెన్ను కాస్త ఎత్తి పట్టి, నీళ్లు చిలకరిస్తూ రుద్దాను. రాయి మీద బూడిదరంగు గుజ్జు తేలుతుంది, దాన్ని కడిగేయకూడదు, పని చేసేది అదే. ఒక వైపు రుద్దాక రెండో వైపు అంచుని వేలితో అడ్డంగా తడిమితే సన్నటి పొర గోరుకి తగులుతుంది. మొన నుంచి పిడి దాకా అది తగిలాకే కత్తి తిప్పాలి. ఆ సాయంత్రం కోసిన ఉల్లిపాయల గురించి మా ఆవిడతో ఎంతసేపు మాట్లాడానో! కళ్లు మండలేదు. మొండి కత్తి ఉల్లిపాయని చితక్కొట్టి ఘాటంతా బయటికి తెస్తుంది, పదునుది చక్కగా తెగ్గోసి వదిలేస్తుంది. చేపల పులుసులోకి ఉల్లి తరగడం అంటే విసుక్కునే నేను అవసరం లేకపోయినా నాలుగు ఎక్కువ తరిగాను. అప్పట్లో అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ కొనమని చెప్పాను.

తర్వాత తగులుకుంది అసలు గొడవ.

ప్లైవుడ్ షీటు 8 అడుగులే వస్తుంది. పడవ పక్క పలక అంతకన్నా పొడుగు కావాలంటే రెండు షీట్ల అంచుల్ని ఏటవాలుగా చిత్రిక పట్టి, ఒకదాని మీద ఒకటి అతికించాలి. మందానికి 8 రెట్లు వాలు, అంటే 6 మిల్లీమీటర్ల షీటుకి 48. ఇందులో ఒక చక్కటి సదుపాయం ఉంది. వాలు తేలుతున్నకొద్దీ లోపలి పొరలు చారలు చారలుగా బయటపడతాయి. చారలు తిన్నగా ఉంటే పని తిన్నగా ఉన్నట్టే. మా ఆవిడ చారలు మాత్రం పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. తోపడా సరిచేసింది, పట్టే తీరు మార్చింది, షీటు తిప్పింది, అయినా అదే వరస. కాసేపు షీటుని కూడా తిట్టుకుంది. పాపం దాని తప్పేం లేదు, అది ఐఎస్ 710 సరుకు, అంటే పడవలకి వాడే మెరైన్ ప్లైవుడ్. పరీక్షలో 72 గంటలు నీళ్లలో ఉడకబెట్టినా పొర ఊడకూడదు. మన ఊళ్లో జనం దాన్ని సింకు కింద అరలకి వాడతారనుకోండి, అది వేరే కథ.

క్లాసు చెప్పే పెద్దాయన తమిళాయన. చారల్ని చూసి, తోపడా ముట్టుకోకుండా, "సానరాయి పట్రామ్మా" అన్నారట. తర్వాతి వారం తీసుకెళ్తే రాయి మీద స్టీలు స్కేలు నిలువుగా పెట్టి కిటికీ వైపు ఎత్తి చూపించారు. రెండు చివర్లా స్కేలు ఆనుకుని ఉంది, మధ్యలో వెలుతురు. గుంట పడ్డ రాయి మీద నూరితే తోపడా బ్లేడు అంచు ఉబ్బెత్తుగా తయారవుతుంది, ఉబ్బెత్తు అంచు చెక్కని తవ్వుకుంటూ పోతుంది. "ఇంట్లో కత్తులు కూడా దీనిమీదేనా?" అని ఆయన నవ్వుతూ అడిగారట. ఇంకేముంది, నేరం నా మీద పడింది. నేను ఒప్పుకోను. కత్తి రాయి పొడుగంతా తిరుగుతుంది, తన అరంగుళం ఉలి ఒక్కచోటే గాడి పెడుతుంది. ఈ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.

చదును చేసే పద్ధతి కూడా ఆయనే చెప్పారు. మందపాటి అద్దం పలక మీద 220 నంబరు నీటి గరుకు కాగితం పరిచి, రాయి మీద పెన్సిలుతో గళ్లు గీసి, తడి చేసి, గళ్లన్నీ చెరిగేదాకా అరగదియ్యాలి. మూలల గీతలు చిటికెలో పోతాయి, నడిమి గీతలు మాత్రం చెయ్యి నొప్పెట్టేదాకా కదలవు. మా ఆవిడ వంటగట్టు గ్రానైటు మీద చేసేద్దామంది. ఆ గుజ్జులో దోసెపిండి గిన్నె పెట్టుకోవాల్సింది నేను కదా, వద్దన్నాను. ఇప్పుడు నూరడానికి కూర్చున్న ప్రతిసారీ ముందు ఈ అరగదీత. రాయి సగానికి సగం దీనికే పోయేట్టుంది.

న్యాయంగా చెప్పాలంటే, నేను మొదట్లో మురిసిపోయిన వేగం కూడా ఈ మెత్తదనం వల్లే వచ్చింది. పైనున్న రేణువులు మొద్దుబారగానే రాలిపోతాయి, కింద కొత్తవి తేలుతాయి. గట్టి రాయి కొంటే ఇంత తొందరగా గుంట పడదు, కానీ ఆ వేగమూ ఉండదు. 6000 వైపు గురించి నేను అప్పట్లో వాగినదాన్ని కూడా కాస్త తగ్గించుకోవాలి. ఉలికి అది కావాలి, అద్దంలా మెరుస్తుంది. టమాటా తొక్కకి మాత్రం 1000 వైపు నూరి వదిలేసిన అంచే బాగా పట్టుకుంటుంది. ఆవకాయకి 6000 మీద పల్చగా నూరిన కత్తి పెట్టాను, టెంక తగలగానే అంచు పళ్లూడింది. స్టెయిన్‌లెస్ చవక కత్తులైతే ఎంత నూరినా వారంలో మళ్లీ మామూలే. కత్తిపీటకి ఇంకో తంటా. అది కదలదు, వంపు తిరిగి ఉంటుంది కాబట్టి రాయినే చేత్తో పట్టుకుని దాని మీద ఆడించాలి. మా బోరు నీళ్లలో నానబెడితే ఆరాక రాయి మీద తెల్లగా ఉప్పు పేరుతోంది, అందుకని తాగే నీళ్లు వాడుతున్నాం.

కొనమంటానా? వంటకి మాత్రమే అయితే, వీధిలో 'సాణై' అని అరుచుకుంటూ వచ్చే ఆయన ఇంకా మీ వైపు వస్తుంటే, అక్కర్లేదు. చెక్కపని నేర్చుకోబోతూ, చేతిలో డబ్బు ఆడుతుంటే గుంట పడని డైమండ్ ప్లేటు తీసుకోండి. మాకు ఒకే రాయితో రెండు పనులు జరగాలి, క్లాసు ఫీజు ఇంకో వాయిదా ఉంది, కాబట్టి దీంతోనే నెట్టుకొస్తున్నాం. ప్రస్తుతానికి ఒప్పందం ఏమిటంటే, రాయి అంచు వార నేను, మధ్యలో తను, చదును చేసే వంతు మాత్రం ఎవరు చివర వాడితే వాళ్లది.