ఫుడ్ ఫెస్టివల్‌కి వెళ్తున్నారా? కార్డులో ఎంత వేస్తున్నారో చూసుకోండి

దసరా ముందు వారాంతాల్లో హైదరాబాద్‌లో ఏదో ఒక గ్రౌండ్‌లో ‘మన వంటలు’ అంటూ టెంట్లు వేస్తారు కదా, అలాంటి ఒకదానికి మొన్న శనివారం వెళ్లాం. నేను, మా ఆవిడ, పాప, ఊరి నుంచి వచ్చిన అమ్మ. నిర్వాహకుల పేరు రాయను, ఫిర్యాదు ఇచ్చి ఉన్నాను కాబట్టి. ఈ పద్ధతి మాత్రం ఇంకెక్కడైనా ఎదురుకావచ్చు, అందుకే రాస్తున్నా.

లోపల నగదు తీసుకోరు, ఫోన్‌పే కూడా లేదు. గేటు దగ్గరే కార్డు కొని డబ్బు వేయించుకోవాలి. కౌంటర్‌లో కుర్రాడు "ఫ్యామిలీ కదా సార్, పదిహేను వందలు వేసుకోండి, మళ్లీ లైన్ ఎందుకు" అన్నాడు. వేయించాను. 500 కార్డు కూడా ఉందని బయటికొచ్చాక తెలిసింది. అది నా తప్పే.

అసలు తిరకాసు టోకెన్లలో ఉంది. ఒక టోకెన్ అంటే 15 రూపాయలు. సర్వపిండి 8 టోకెన్లు అని బోర్డు చూస్తే చవకే అనిపిస్తుంది, లెక్కేస్తే 120. నీళ్ల బాటిల్ 4 టోకెన్లు, అంటే 60 రూపాయలు. దాని మీద ముద్రించిన ఎంఆర్‌పీ 20! ఆకలితో ఉన్నవాడు పదిహేనో ఎక్కం చదువుకుంటూ తింటాడా?

సర్వపిండి మాత్రం పేరు పెట్టడానికి లేదు. వరంగల్ వైపు ఆవిడ, గిన్నెకు లోపల పిండి ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి నూనె చుక్కలు వేస్తోంది. అంచు కరకరలాడింది. అమ్మ రెండోది అడిగి మరీ తింది.

ఏడున్నరకు సన్నగా చినుకులు. కార్డులో ఇంకా 54 టోకెన్లున్నాయి. తిరిగివ్వమంటే కార్డు వెనక్కి తిప్పి చూపించారు. మిగిలింది తిరిగి ఇవ్వబడదట, చీమ తలంత అక్షరాల్లో. రేపు వాడుకోండి అన్నారు. రేపు రావాలంటే మళ్లీ ఎంట్రీ టికెట్. ఇలా ఇరుక్కున్న వాళ్ల కోసమే అన్నట్టు ఎగ్జిట్ పక్కనే స్వీట్ల స్టాళ్లు. 45 టోకెన్లు, అంటే 675 రూపాయలు పెట్టి అరకిలో పూతరేకుల బాక్సు కొన్నాను. పైన ‘ఆత్రేయపురం, స్వచ్ఛమైన నెయ్యి’ అని స్టిక్కర్.

సిగ్గుచేటు ఏంటంటే, మాది ఆత్రేయపురం పక్క ఊరే. కుండ బోర్లించి, కింద ఎండాకుల మంట పెట్టి, పలచటి బియ్యప్పిండి నీళ్లలో ముంచిన గుడ్డను కుండ మీద అలా పరిచి తీస్తే పొర వచ్చేయడం చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ పొర నాలుక మీద పెట్టగానే కరగాలి. ఇంట్లో బాక్సు విప్పితే రేకు నోట్‌బుక్ కాగితంలా ఉంది, నమిలితే అంగిలికి తెల్లగా అంటుకుంది. నెయ్యి వాసన లేదు, పాత డాల్డా వాసన. వంటింటి కాటా మీద పెట్టాను: బాక్సుతో కలిపి 502 గ్రాములు, ఖాళీ అట్టపెట్టె 128. అంటే పదార్థం 374 గ్రాములే.

తయారీ తేదీ లేదు, ఎవరు చేశారో లేదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు లేదు. ఆ నంబరు 14 అంకెలుంటుంది, లైసెన్సు అయితే 1తో, చిన్న వ్యాపారుల రిజిస్ట్రేషన్ అయితే 2తో మొదలవుతుంది. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ పేరు ఎవరు పడితే వాళ్లు అంటించుకోవడానికి లేదు.

వెళ్లేవాళ్లు తక్కువ డబ్బే వేయించండి, అయిపోతే మళ్లీ లైన్లో నిలబడినా నష్టం లేదు. టోకెన్ ఎన్ని రూపాయలో, మిగిలితే తిరిగి ఇస్తారో లేదో వేయించక ముందే అడగండి. స్వీట్లయితే ఖాళీ బాక్సును కాటా మీద పెట్టించి, సున్నా చేయించాకే తూయించండి. బాక్సు బరువు స్వీటులో కలపకూడదు, ఎంఆర్‌పీ మించి నీళ్ల బాటిల్ అమ్మకూడదు. రెండింటికీ తూనికలు కొలతల శాఖకు ఫిర్యాదు చేయొచ్చు. నేను వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, కార్డు, బాక్సు, కాటా ఫోటోలు పంపాను. ఇంకా జవాబు రాలేదు.

మిగిలిన 9 టోకెన్లు పర్సులో అలాగే ఉన్నాయి. శాంపిల్ అడుగుతారేమోనని బాక్సు పారేయకుండా అలమారలో మూత తీసే పెట్టాను. నాలుగు రోజులైంది. పొద్దున అమ్మ చూసి, "చీమ కూడా రాలేదు చూశావురా" అంది.