కల్లం మీద ఆయిల్ మరక: యాసిడా, డీజిలా, సర్ఫ్ నీళ్లా, ముగ్గుపిండి పట్టా?

మా ఊరు మిర్యాలగూడ వైపు. పోయిన యాసంగిలో వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం మీద మా ట్రాక్టర్ రెండు రోజులు నిలబడింది. పక్కకు తీసి చూస్తే ఇంజన్ ఆయిల్ కారి తాంబాళమంత నల్లటి మరక. ఇంటి ముందర బండి పెట్టే చోటయితే ఇంత టెన్షన్ పడకపోదుము. ఇది తినే గింజ పోసే నేల. ఆయిల్ అంటిన చోట పోసిన వడ్లకు జిడ్డు, వాసన రెండూ పడతాయి.

ఒక్కొక్కరు ఒక్కో ఉపాయం చెప్పారు. అన్నీ కాస్త కాస్త చోట వేసి చూశాం.

మా చిన్నాయన ముందుగా బాత్రూం యాసిడ్ పట్టుకొచ్చాడు. "పోస్తే బుసబుసా పొంగుతది, మరక ఎగిరిపోతది" అన్నాడు. పొంగిన మాట నిజమే. కానీ ఆ పొంగు ఆయిల్‌ది కాదు, సిమెంటుది. సిమెంటులో సున్నం ఉంటుంది. యాసిడ్ సున్నాన్ని తింటుంది, నూనెను ముట్టదు. పైగా జిడ్డు ఉన్న చోట యాసిడ్ లోపలికి దిగలేదు, చుట్టూ శుభ్రంగా ఉన్న నేలనే కొరికింది. కడిగినప్పుడు తెల్లగా కనిపించి సంబరపడ్డాం. ఎండాక చూస్తే మరక మళ్లీ పైకి తేలింది, దాని చుట్టూ నేల గరుకై ఇసుక లేచింది. ఇప్పుడు అక్కడ చీపురు పెడితే వడ్లతో పాటు ఇసుక వస్తోంది. కొనుగోలు కేంద్రానికి ఇసుక కలిసిన వడ్లు తీసుకుపోతే ఏమంటారో రైతుకు చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఆయిల్ మరకకు యాసిడ్ వద్దు. ఇంట్లో తాండూరు బండలు వేసుకున్నవాళ్లు అసలే వద్దు. అది సున్నపురాయి, పాలిష్ అంతా పోయి మచ్చ పడుతుంది. ఇంకో మాట: యాసిడ్ పోసిన చోట బ్లీచింగ్ పౌడర్ చల్లకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గాలి లేస్తుంది, ఊపిరితిత్తులకు ప్రమాదం.

డీజిల్ సంగతి తొందరగా చెప్పేస్తాను. కిరోసిన్ అయినా అంతే. చిక్కటి ఆయిల్‌ను పలచన చేస్తాయి, గుడ్డతో తుడిస్తే గుడ్డ నల్లబడుతుంది, పని అయినట్టే ఉంటుంది. కానీ కాంక్రీటులో కంటికి కనిపించని సన్న రంధ్రాలు ఉంటాయి. పలచబడ్డ ఆయిల్ వాటి వెంట ఇంకా లోతుకు దిగుతుంది. దానికితోడు డీజిల్ వాసన, నిప్పు భయం. కల్లానికి ఇది పనికిరాదు.

ఆయిల్ పడ్డ గంటలోనే చూసుకుంటే వీటిలో ఏదీ అక్కర్లేదు. రంపపు పొట్టు గానీ, పొడి మట్టి గానీ, ముగ్గుపిండి గానీ దండిగా పోసి, చెప్పు కాలితో నలిపి, కొన్ని గంటలు వదిలేసి ఊడ్చేయడమే. మా దగ్గర రైస్ మిల్లుల ఊకకు కొదవ లేదు కదా అని మొదట ఊక పోశాం. ఊక పైన నునుపు, ఆయిల్‌ను అంతగా పీల్చుకోదు. ఊక బూడిద పీలుస్తుంది గానీ దాని నలుపు నేలకు పడుతుంది. తవుడు జోలికే పోవద్దు, దానిలోనే నూనె ఉంది. కొందరు సిమెంటు పొడి చల్లుతారు. పీల్చడం పీలుస్తుంది, తడి తగిలితే అక్కడే గట్టిపడి కూర్చుంటుంది.

మరక పాతబడితే నా లెక్కలో పోటీ రెండింటి మధ్యే.

ఒకటి సర్ఫ్, చాకలి సోడా కలిపిన వేడి నీళ్లు. బకెట్‌కు రెండు గుప్పెళ్ల సోడా, ఒక గుప్పెడు సర్ఫ్. పోసి పావుగంట నాననిచ్చి ప్లాస్టిక్ బ్రష్‌తో గట్టిగా రుద్దాలి. ఇనుప బ్రష్ వద్దు, దాని ముక్కలు నేలలో ఇరుక్కుని తుప్పు మరకలు పెడతాయి. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే బట్టల సబ్బు నురగ రాదు, సర్ఫే నయం. ఇది పల్లినూనె మరక మీద బాగా పని చేస్తుంది. వనపర్తి, గద్వాల వైపు పల్లి గానుగలు ఆడించేవాళ్లకు ఇదే చాలు, ఎందుకంటే గింజల నూనె వేడి సోడా నీళ్లతో కొంత సబ్బుగా మారి కడుక్కుపోతుంది. ఇంజన్ ఆయిల్ అలా మారదు. సర్ఫ్ దాన్ని నేల నుంచి విడదీస్తుంది గానీ, పైపైన ఉన్నంత వరకే.

రెండోది పట్టు వేయడం. దెబ్బ తగిలితే పసుపు పట్టు వేసినట్టే. ముగ్గుపిండిని చిక్కటి సర్ఫ్, సోడా నీళ్లతో దోసె పిండి కన్నా గట్టిగా కలిపి, వేలు మందాన మరక మీద పరవాలి. పైన ప్లాస్టిక్ కవరు వేసి అంచుల మీద రాళ్లు పెట్టాలి. లేకపోతే మన ఎండకు గంటలో పెళ్లలు కట్టి పని చేయదు. ఒక రోజు మూసి ఉంచి, తర్వాత కవరు తీసి పూర్తిగా ఎండనివ్వాలి. పట్టు ఎండుతున్నకొద్దీ లోపలి తడి పైకి వస్తుంది, దాంతోపాటు ఆయిల్ పిండిలోకి ఎక్కుతుంది. మేం తీసినప్పుడు తెల్ల పిండి అడుగున గోధుమ రంగు తిరిగింది. ఇంటి పోర్టికోలో మొండి మరకయితే సర్ఫ్ నీళ్లకు బదులు పెయింట్ థిన్నర్‌తో కలిపితే ఇంకా లోతు నుంచి లాగుతుంది. గాలి ఆడే చోట, పొయ్యికి, బీడీకి దూరంగా మాత్రమే. కల్లం మీద థిన్నర్ వాడొద్దు.

శ్రమ, సమయం చూస్తే సోడా నీళ్లే తేలిక, అరపూటలో అయిపోతుంది. అయినా ఇంజన్ ఆయిల్ లోపలికి ఇంకిన కల్లానికి నేను పట్టే వేయమంటాను. ముందు సోడా నీళ్లతో పైజిడ్డు తీసి, ఆరాక పట్టు వేస్తే పని తగ్గుతుంది. తీసిన పిండిని కాలువలోకి, బోరు పక్కకు ఊడ్చకుండా సంచిలో కట్టి పారేయండి.

మాకు మూడు పట్లు పట్టాయి. జిడ్డు పోయింది, అరచేయి రుద్దితే ఏమీ అంటడం లేదు, వాసన లేదు. లేత బూడిద రంగు నీడ ఒకటి మిగిలింది. యాసిడ్ కొరికిన చోటు మాత్రం అలాగే ఉంది. వానాకాలం వడ్లు వచ్చేలోపు అక్కడ గచ్చు వేయించాలి. అప్పటిదాకా ఆ మూల టార్పాలిన్ పరిచే ఆరబోస్తాం.