నకలా, రాజ్యమా, నదియా? పాత చైనావాళ్లు చూసిన దేహాల్లో ఏది మేలు?

మొదటి బొమ్మ నకలు: ఒళ్లు ఆకాశానికీ భూమికీ నకలని. తల గుండ్రం, ఆకాశమూ గుండ్రమే. పాదం చదరం, భూమీ చదరమే. క్రీ.పూ. 139లో హువాయ్‌నాన్ రాజు లియూ ఆన్ తన ఆస్థాన పండితులతో తయారుచేయించి వూ చక్రవర్తికి సమర్పించిన ‘హువాయ్‌నాన్‌జీ’లో ఏడో అధ్యాయం ఇలా లెక్క కడుతుంది. నాలుగు రుతువులకు నాలుగు కాళ్లూ చేతులూ. చెక్క, నిప్పు, మట్టి, లోహం, నీరు అనే ఐదింటికి ఒంట్లోని ఐదు అవయవాలు. ఏడాదిలో 366 రోజులకు 366 కీళ్లు. కళ్లూ చెవులూ సూర్యచంద్రులు, కాలేయం గాలి, మూత్రపిండాలు వాన, ప్లీహం ఉరుము.

పిండాండం, బ్రహ్మాండం అనే మాటలు విని పెరిగినవాళ్లం కాబట్టి ఇది మనకు వింతగా అనిపించదు. చదువుతుంటే హాయిగా కూడా ఉంటుంది. చిక్కల్లా ఆ అంకెలతోనే. అదే పుస్తకం మూడో అధ్యాయానికి వెళ్తే 360 రోజులు, 360 కీళ్లు అని ఉంటుంది. వైద్య గ్రంథం ‘లింగ్‌షూ’ 365 అంటుంది. కీళ్లు ఎవరూ లెక్కపెట్టలేదు, పంచాంగాన్ని బట్టి ఒంటిని సర్దారు. లింగ్‌షూలోనే ఇంకా సరదా అయిన సర్దుబాటు ఒకటుంది. కాలాన్ని కొలిచే ‘చెన్’లు పన్నెండు, కాలివేళ్లేమో పదే. తక్కువైన రెండింటికీ పురుషాంగాన్నీ వృషణాలనూ కలిపి పన్నెండు చేశారు. మరి ఆడవాళ్ల సంగతి? ఆ రెండూ తక్కువ కాబట్టే వాళ్లు బిడ్డను మోయగలరట! జవాబు ముందే సిద్ధంగా పెట్టుకుని ప్రశ్న వేస్తే ఇలాగే ఉంటుంది.

ఈ పిచ్చి లెక్కలను అక్కడివాళ్లే ఎగతాళి చేశారు. క్రీ.శ. 27లో పుట్టిన ఆలోచనాపరుడు వాంగ్ చోంగ్ అడిగిన ప్రశ్న చూడండి: ఆ ఐదింటి లెక్కలో ఎలుక నీటికి చెందినది, గుర్రం నిప్పుకు చెందినది, నీరు నిప్పును ఆర్పుతుంది అంటారే, మరి ఎలుక గుర్రాన్ని ఎందుకు తరమదు? ఆకాశానికీ భూమికీ మధ్య మనిషి బట్టల్లో పేనులాంటివాడని కూడా అన్నాడాయన.

రెండో బొమ్మ రాజ్యం. ‘సూవెన్’ అనే ఇంకో వైద్య గ్రంథం ఎనిమిదో అధ్యాయంలో గుండె రాజు, ఊపిరితిత్తులు మంత్రి, కాలేయం వ్యూహాలు పన్నే సేనాపతి. తీర్పు చెప్పే పని పిత్తాశయానిది, ధాన్యం కొట్లు ప్లీహానివి, పొట్టవి. రాజుకు తెలివుంటే కింద అందరూ క్షేమం, లేకపోతే అందరికీ ముప్పు. నకలుకంటే ఇది ఒక మెట్టు మేలే, ఎందుకంటే ఏ అవయవం ఎలా ఉంటుందని కాక ఏం పని చేస్తుందని అడుగుతుంది. కానీ ఇది పైనుంచి కిందికి చూసే చూపు. ఆకాశం మంచి రాజు కోసం, చెడ్డ రాజు కోసం దారి మార్చుకోదని తేల్చి చెప్పిన తత్వవేత్త షున్‌జీ కూడా గుండె దగ్గరికి వచ్చేసరికి దాన్ని రాజునే చేశాడు. ఆ కాలంలో ఇంకో పోలిక తట్టడం కష్టమేమో.

నా ఓటు మూడోదానికి, నదికి. క్రీ.పూ. 239 ప్రాంతంలో ఛిన్ రాజ్యపు మంత్రి లూ బూవెయ్ కూర్పించిన ‘లూషి చున్‌చ్యూ’లో ఒక మాట ఉంది: పారే నీరు కుళ్లదు, తిరిగే తలుపు కీలుకు పురుగు పట్టదు. ఒంట్లో తిరిగే ‘చీ’ కూడా అంతే (మనం ముక్కు మూసుకుని అనే ‘ఛీ’ కాదండోయ్, ఊపిరీ ప్రాణమూ కలిసినట్టుండేది). అది చెవిలో ఆగితే చెవుడు, పొట్టలో ఆగితే ఉబ్బరం, కాళ్లలో ఆగితే నడక పోతుంది. వైద్యంగా ఇందులో ఎంత నిజముందన్నది పక్కన పెట్టినా, నకలు చెప్పని ఒక సంగతి ఇది చెబుతుంది: ఏం చేయాలో. లేచి కదలమంటుంది. రోజంతా కుర్చీలో కూర్చుని సాయంత్రానికి పాదాలు వాచినవాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు.

ఇంకో గొప్ప, ఇది రాజును కూడా వదలదు. అదే పుస్తకంలో ఇంకోచోట, నీరు ఆగితే మురుగవుతుంది, చెట్టు రసం ఆగితే పురుగు పడుతుంది, రాజ్యానికీ ఆ జబ్బు ఉంది అంటారు. జనం నోరు మూయించడం నదికి అడ్డుకట్ట వేయడంకంటే ప్రమాదమని జౌ వంశపు లీ రాజును షావో ప్రభువు హెచ్చరించిన కథ అక్కడే వస్తుంది. రాజు వినలేదు. క్రీ.పూ. 841లో ఊరొదిలి పారిపోయాడు.

అయితే నదికీ చివరికి లెక్క జబ్బు అంటుకుంది. 1973లో ఛాంగ్షా దగ్గర మావాంగ్‌దుయ్ మూడో సమాధిలో, క్రీ.పూ. 168లో మూసిన దానిలో, పట్టు మీద రాసిన వైద్య గ్రంథాలు దొరికాయి. వాటిలో చీ ప్రవహించే నాడులు పదకొండే. లింగ్‌షూకి వచ్చేసరికి అవి పన్నెండయ్యాయి, ఒక్కో నాడికి ఒక్కో నీటిపేరు పెట్టి జత కలిపారు. జత కలిపిన ఆ అధ్యాయం మొదట్లోనే ఇంకో వాక్యం ఉంది: ఆనాటి కొలతలో ఎనిమిది అడుగుల మనిషి ఒంటిని బయటినుంచి తాకి కొలవొచ్చు, చనిపోయాక కోసి చూడొచ్చు.